పాస్టర్ దగ్గరుండే మూడు రిజిస్టర్లు: విశ్వాసం, కులం, కాగితం

ఈ ఎపిసోడ్‌లో ఒక పాస్టర్ గురించి మాట్లాడుకుందాం. టీవీలో వచ్చే పెద్ద పెద్ద సభల పాస్టర్ కాదు. మా వేంపల్లె చుట్టుపక్కల ఒక పల్లెలో, రేకుల కప్పు వేసిన చిన్న చర్చి నడిపే పాస్టర్. ఆయన పేరు చెప్పను, ఊరి పేరు కూడా చెప్పను. ఎందుకు చెప్పడం లేదో ఎపిసోడ్ సగానికి వచ్చేసరికి మీకే అర్థమైపోతుంది.

ఈరోజు మన ప్రశ్న ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఎస్సీ కుటుంబం యేసును నమ్ముకుంటే చట్టం దృష్టిలో ఏం మారుతుంది? ఆ మార్పు అందరికంటే ముందు పాస్టర్ మీదే ఎందుకు పడుతుంది? దీని మీద యూట్యూబ్‌లో రెండు వైపులా అరుపులే తప్ప, నిదానంగా చెప్పినవి తక్కువ. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు, పాస్టర్ వారమంతా ఏం చేస్తారు?

ఆదివారం ఆరాధన మనకు తెలుసు. మిగతా ఆరు రోజులు ఏం చేస్తారని అడిగితే అయ్యగారు నవ్వి, "ఆదివారమే కొంచెం తీరికగా ఉంటాది నాయనా" అన్నారు.

మన వైపు అది నిజమే. ఎవరికైనా జ్వరం ముదిరితే ముందు ఆర్‌ఎంపీకి, తర్వాత అయ్యగారికి ఫోన్ చేస్తారు. కొత్త ఇల్లు, కొత్త బండి, బిడ్డకు పేరు పెట్టడం, పరీక్షలకు పోయే పిల్లోళ్ళ హాల్‌టికెట్లు, అన్నిటికీ ప్రార్థన ఉంటుంది. కోత పండుగ వస్తే గుమ్మడికాయలు, శెనక్కాయల మూట, నాటుకోడి చర్చిలోనే వేలం వేస్తారు. ఆ డబ్బుతో చర్చికి కరెంటు బిల్లు కడతారు.

ఇంక మనది కరువు సీమ కాబట్టి బోరు ప్రార్థన. బోరు బండి వచ్చి నిలబడ్డాక డ్రిల్లింగ్ మొదలుపెట్టే ముందు అయ్యగారిని పిలుస్తారు. దాని గురించి ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే చెప్తా: "నీళ్ళు పడితే చర్చిలో సాక్ష్యం చెప్తారు. పడకపోతే నన్ను ఎవురూ ఏమీ అనరు. కానీ ఆ ఆదివారం ఆ ఇంటోళ్ళు చర్చికి రారు. అప్పుడు నేనే వాళ్ళింటికి పోవాల. ప్రార్థన చేసిన దానికంటే, అట్ల పోయి మంచం మీద కూర్చునేదే నా అసలు పని."

మరొకటి కువైట్ ఫోన్లు. కడప జిల్లా నుంచి ఇళ్ళల్లో పనికి కువైట్ పోయిన ఆడవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. అక్కడ రాత్రి పది గంటలకు పని ముగిస్తే ఇక్కడ పన్నెండున్నర అవుతుంది. ఆ టైంలో వాట్సాప్ వీడియో కాల్ వస్తుంది. "అయ్యగారూ, మా పిల్లోడు చెప్పిన మాట వినడం లేదంట, మీరొకసారి మందలించండి" అని. ప్రార్థన రెండు నిమిషాలు, ఏడుపు ఇరవై నిమిషాలు.

అంటే పాస్టర్ పని ఆరాధన నడిపించడంతో అయిపోదు. పాలెంలో అన్ని ఇళ్ళ గుట్లు తెలిసిన మనిషి ఆయన. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం వస్తుంది.

మూడు రిజిస్టర్లు

అయ్యగారి బీరువాలో మూడు రిజిస్టర్లు ఉన్నాయి. బాప్తిస్మాలది ఒకటి, పెళ్ళిళ్ళది ఒకటి, సమాధులది ఒకటి.

ఇవి ఊరికే రాసుకున్న నోట్‌బుక్కులు కావు. ఈ పద్ధతి మన జిల్లాకు చాలా పాతది. లండన్ మిషనరీ సొసైటీ కడపలో 1822లోనే పని మొదలుపెట్టింది. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి పెట్టింది కూడా వాళ్ళే. 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సీఎస్‌ఐ ఏర్పడినప్పుడు ఆ సంఘాలు అందులో కలిశాయి. తర్వాతి కాలంలో పుట్టిన స్వతంత్ర సంఘాలు కూడా రిజిస్టర్ రాసే అలవాటు అక్కడి నుంచే తీసుకున్నాయి.

పెళ్ళి రిజిస్టర్‌కు చట్టం బలం కూడా ఉంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, లైసెన్సు ఉన్న పాస్టర్ చేసిన పెళ్ళి చెల్లుతుంది. ఆ వివరం రిజిస్టర్‌లో రాసి సర్కారుకు పంపాలి. అంటే ఆ ఒక్క పనిలో పాస్టర్ సగం దైవసేవకుడు, సగం రిజిస్ట్రారు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. చర్చి రిజిస్టర్‌లో ఒక పేరు ఉంటుంది, తహసీల్దార్ ఆఫీసు కుల ధ్రువీకరణ పత్రంలో వేరే పేరు ఉంటుంది. మనిషి ఒక్కరే. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఈజీగా అర్థమయ్యేలా చెప్పాలంటే, రెండు డేటాబేసుల్లో ఒకే మనిషికి రెండు రికార్డులు, ఒకదానికొకటి మ్యాచ్ కావు. ఎవరూ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడనంతవరకు ఏమీ కాదు. ఏదైనా కేసు వచ్చి పెట్టి చూశారంటే మొత్తం బయటపడుతుంది.

1950 ఉత్తర్వు ఏం చెప్తుంది?

రాజ్యాంగం 341వ అధికరణం కింద రాష్ట్రపతి 1950లో షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఇచ్చారు. దాంట్లో మూడో పేరా ఒకటుంది. హిందూ మతం కాకుండా వేరే మతాన్ని అవలంబించే వ్యక్తిని షెడ్యూల్డ్ కులంగా పరిగణించరాదు, ఇదీ దాని సారం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. ఇది స్వాతంత్ర్యం వచ్చాక కొత్తగా పుట్టిన ఆలోచన కూడా కాదు. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులోనే భారతీయ క్రైస్తవులు ఈ జాబితాలోకి రారని ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు బీసీ-సీ కిందికి వస్తారు. లెక్క చూడండి: ఎస్సీ రిజర్వేషన్ 15 శాతం, బీసీ-సీ 1 శాతం. 1977లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 341 ఇచ్చి కొన్ని రాయితీలు వీళ్ళకు కూడా వర్తింపజేసింది. అయితే అవి ప్రభుత్వం తనంతట తాను ఇచ్చే రాయితీలు మాత్రమే. చట్టం ప్రకారం వచ్చే హక్కులు వాటిలో లేవు.

ఆ హక్కులు ఏంటంటే ముఖ్యంగా మూడు. ఒకటి, ఎస్సీ కోటాలో చదువు, ఉద్యోగం. రెండు, రిజర్వుడు సీట్లలో పోటీ చేయడం. ఉమ్మడి కడప జిల్లా వాళ్ళకు బద్వేలు, రైల్వే కోడూరు గుర్తొస్తాయి, పంచాయతీ, ఎంపీటీసీ సీట్లు కూడా అంతే. మూడు, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ.

మూడోదే అన్నిటికంటే బరువైనది. సీటు పోతే ఇంకో దారి వెతుక్కోవచ్చు. కొట్టి, కులం పేరుతో తిట్టినప్పుడు కేసు నిలబడకపోతే ఏం చేస్తారు?

కోర్టులు ఏమన్నాయి?

మూడు కేసులు చూద్దాం.

మొదటిది 1985, సుప్రీంకోర్టు, సూసై కేసు. సూసై మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. ఆది ద్రావిడ కులంలో పుట్టి క్రైస్తవుడయ్యాడు. ఎస్సీ చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇస్తుంటే ఈయనకు ఇవ్వలేదు. అదే రోడ్డు, అదే పని, పక్కవాడికి బంకు వచ్చింది, ఈయనకు రాలేదు. కోర్టుకు పోతే, మతం మారాక కూడా అదే తీవ్రతతో కుల వివక్ష కొనసాగుతోందని ఆధారాలతో చూపించాలని చెప్పి కొట్టేసింది.

రెండోది 2024 నవంబరు 26, అది కూడా సుప్రీంకోర్టే. పుదుచ్చేరి మహిళ ఒకరు ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగారు. చిన్నప్పుడే బాప్తిస్మం అయింది. ఆమె క్రమం తప్పకుండా చర్చికి పోతున్నారని, క్రైస్తవాన్ని ఆచరిస్తున్నారని తేల్చి, సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదని కోర్టు చెప్పింది. విశ్వాసం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని కూడా అంది. చూశారా, చర్చి రికార్డు కోర్టులో ఎంత పనిచేస్తుందో.

మూడోది మన రాష్ట్రంలోదే, 2025 ఏప్రిల్ 30, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. అప్పటి గుంటూరు జిల్లాలో ఒక పాస్టర్, తనను కులం పేరుతో దూషించి దాడి చేశారని కేసు పెట్టారు. ఆయన దగ్గర ఎస్సీ సర్టిఫికెట్ ఉంది. కోర్టు ఏమందంటే, పదేళ్ళుగా పాస్టర్‌గా పనిచేస్తున్న వ్యక్తి క్రైస్తవుడే, మతం మారినప్పుడే ఎస్సీ హోదా పోయింది, చేతిలో సర్టిఫికెట్ మిగిలి ఉన్నా ఈ చట్టం కింద రక్షణ రాదు. కేసు కొట్టేశారు.

ఇప్పుడు అయ్యగారి పేరు ఎందుకు చెప్పలేదో అర్థమైంది కదా. ఆ పాలెంలో చర్చికి వచ్చేవాళ్ళలో ఎవరి కాగితం ఎలా ఉందో బయటవాళ్ళకు తెలియదు. ఒకాయన సంగతి మాత్రం అందరికీ తెలుసు. చేతిలో బైబిల్, బోర్డు మీద పేరు, పేరు ముందు రెవరెండ్ అనో పాస్టర్ అనో ఉంటుంది. కుర్చీలో కూర్చున్న విశ్వాసి మనసులో మాట ఏంటని కోర్టు వెతుక్కోవాలి. పాస్టర్ విషయంలో వెతికే పనే లేదు.

మరి ఆయన కాగితంలో ఏముంది?

అడిగాను. ఆయన సూటిగానే చెప్పారు. సేవలోకి వచ్చినప్పుడే బీసీ-సీ సర్టిఫికెట్ తీసుకున్నారు. కొడుకుది కూడా అదే. ఆ అబ్బాయికి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో కోరుకున్న బ్రాంచి రాలేదు. అదే పాలెంలో, అంతకంటే తక్కువ ర్యాంకు వచ్చిన స్నేహితుడికి వచ్చింది. ఆ స్నేహితుడు కూడా ఆదివారం ఇదే చర్చిలో డోలక్ వాయిస్తాడు.

"మీకు కోపం రాలేదా?" అన్నాను.

"మా ఇంట్లో వచ్చింది. మా ఆయమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు," అన్నారు. "నాకు మాత్రం ఆ డోలక్ పిల్లోని మీద కోపం రాదు. వాళ్ళ నాయన కూలికి పోతాడు. ఆ కాగితం ఒక్కటే వాళ్ళకు ఆస్తి. దాన్ని వదిలేయమని ఏ నోటితో చెప్పేది? అట్లని అబద్ధం రాయమని కూడా చెప్పలేను. రెండిటి మధ్యలో ఉండాను."

ఆయన చేసే పని ఒకటి నాకు బాగా నచ్చింది. పద్దెనిమిది దాటిన పిల్లలు బాప్తిస్మానికి వస్తే వెంటనే నీళ్ళలోకి దింపరు. ముందు ఇంట్లో పెద్దలతో మాట్లాడి రమ్మంటారు. కాగితం సంగతి, పోయేదేంది, వచ్చేదేంది, చట్టం ఏమంటుంది, అంతా ముందే విడమరిచి చెప్తారు. "తెలిసి దిగినోడు నిలబడతాడు. తెలియక దిగినోడు రేపు నన్నూ తిడతాడు, దేవుణ్ణీ తిడతాడు" అని ఆయన లెక్క. ఇలా చెప్పినందుకు కొంతమంది తోటి పాస్టర్లు ఆయన మీద గుర్రుగా ఉన్నారంట. ఆత్మల విషయంలో లెక్కలేందని వాళ్ళ మాట.

ఇడుపులపాయ నీడలో

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ఇడుపులపాయ వేంపల్లె మండలంలోనే ఉంది. వైఎస్ రాజశేఖరరెడ్డి గారు 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయాక, క్రైస్తవ పద్ధతిలో అక్కడే సమాధి చేశారు. ఏటా జూలై 8న, సెప్టెంబరు 2న అక్కడ ప్రార్థనలు జరుగుతాయి, టీవీల్లో పాస్టర్లు కనిపిస్తారు. ఆయన డాక్టర్‌గా తొలి రోజుల్లో పనిచేసింది కూడా జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలోనే.

దాంతో ఏమైందంటే, ఈ వైపు పాస్టర్ అనగానే ఏ పార్టీవాడో జనాలే రాసేసుకుంటారు. అయ్యగారు ప్రార్థనలో "మా ముఖ్యమంత్రిని దీవించు" అంటే, ఒక ప్రభుత్వంలో భజన అన్నారు, ఇంకో ప్రభుత్వంలో పార్టీ మారినాడన్నారు. "అధికారుల కోసం ప్రార్థించమని బైబిల్‌లో ఉండాది. కుర్చీలో ఎవురుంటే వాళ్ళ కోసం" అని ఆయన సమాధానం.

గౌరవ వేతనం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. గత ప్రభుత్వ కాలంలో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయలు, ఇమాములకు 10,000, మౌజన్లకు 5,000 ఇవ్వడం మొదలైంది. పేద పాస్టర్‌కు అది చిన్న మొత్తం కాదు. కానీ ఆ డబ్బు కోసం దరఖాస్తు పెట్టుకున్న రోజున, తాను పాస్టర్‌నని సర్కారుకే రాసిచ్చినట్టు లెక్క. ఒక చేత్తో ఆ గుర్తింపుకు డబ్బు వస్తుంది, ఇంకో చేత్తో అదే గుర్తింపు వల్ల ఎస్సీ హోదా పోతుంది. మా అయ్యగారు దరఖాస్తు పెట్టలేదు. పెట్టినవాళ్ళను తప్పుపట్టరు కూడా. "సర్కారు జీతం తింటే సర్కారును అడగాల్సింది అడగలేనేమో అని నా భయం" అన్నారు.

ఈ ప్రశ్న తెలుగు నేలకు కొత్త కాదు

విశ్వాసానికీ ప్రజాజీవితానికీ మధ్య ఇలా నలిగిన పెద్ద మనిషి ఒకరు మన చరిత్రలో ఉన్నారు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తమిళనాట పుట్టారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన పనిచేసిన దోర్నకల్ ఇప్పుడు తెలంగాణలో ఉంది. ఆయన హయాంలో పల్లెల్లో మాల, మాదిగ కుటుంబాలు వేల సంఖ్యలో క్రైస్తవంలోకి వచ్చాయి.

మతాల వారీగా ప్రత్యేక నియోజకవర్గాలు అన్న చర్చ వచ్చినప్పుడు, క్రైస్తవులకు అవి వద్దన్నవారిలో అజరయ్య ముందున్నారు. అలా వేరుగా కంచె కట్టుకుంటే క్రైస్తవులు కూడా తమ లాభం చూసుకునే ఇంకో వర్గంగా మిగిలిపోతారని ఆయన భయం. ఇంకో పక్క, ఈ సామూహిక మతమార్పిడులను గాంధీ గట్టిగా విమర్శించారు. పేదలకు తమ మతం తాము ఎంచుకునే తెలివి ఉందని అజరయ్య నమ్మకం. రాజకీయ లాభం వద్దన్నందుకు సొంతవాళ్ళలో కొందరు, మతం మార్చినందుకు బయటివాళ్ళు, ఇద్దరూ ఆయన్ని అనుమానించారు. మన అయ్యగారి పరిస్థితీ చిన్న స్థాయిలో ఇదే.

చర్చి లోపల కులం లేదా?

1950 ఉత్తర్వును సమర్థించేవాళ్ళ వాదన ఇదీ: క్రైస్తవంలో కులం లేదంటారు కదా, మరి లేని కులానికి రిజర్వేషన్ ఎందుకు? ఉన్న 15 శాతంలో ఇంకా కొన్ని లక్షల మందిని కలిపితే ఇప్పటికే వెనకబడ్డ హిందూ దళితుల వాటా తగ్గదా? ఈ రెండో ప్రశ్న అడిగేవాళ్ళలో దళితులే చాలామంది. దాన్ని ద్వేషం అని కొట్టిపారేయలేం.

మొదటి ప్రశ్నకు అయ్యగారే జవాబు చెప్పారు. "కులం లేదని ప్రసంగంలో చెప్తాం. బయటకు వచ్చి చూస్తే ఇది మాలోళ్ళ చర్చి, అది మాదిగోళ్ళ చర్చి. సమాధులు కూడా వేరే. నేను రెండు చర్చిలోళ్ళకు ఒకే కోత పండుగ పెడదామని మూడేండ్లుగా అడుగుతాండా. ఇంకా కాలేదు." ఈ మాట బయటివాళ్ళు చెప్తే విమర్శ అవుతుంది. ఆయన నోట వచ్చింది కాబట్టి ఒప్పుకోలు అయింది.

ఎంత ఆలస్యంగా మారుతుందో ఒక ఉదాహరణ. కర్నూలు ప్రాంతంలో పుట్టి, కడప డయాసిస్‌లో 1992లో ఫాదర్ అయి, 2008లో కర్నూలు బిషప్ అయిన పూల ఆంథోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. కేథలిక్ చర్చిలో ఆ స్థానానికి చేరిన మొదటి దళితుడు, మొదటి తెలుగువాడు ఆయనే. గర్వపడాల్సిన విషయమే. ఆ మొదటి మనిషి రావడానికి 2022 దాకా పట్టిందంటే, లోపల కులం ఎంత గట్టిగా ఉందో కూడా అదే చెప్తుంది.

ఇప్పుడు ఎక్కడుంది విషయం?

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే ఆ మూడో పేరా తీసేయమని సిఫార్సు చేసింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. అసెంబ్లీ అడగగలదు అంతే, ఆ జాబితాను మార్చే అధికారం పార్లమెంటుదే. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో కమిషన్ వేసింది. దాని గడువు పొడిగిస్తూ వచ్చారు.

మళ్ళీ హిందూ మతంలోకి వస్తే ఎస్సీ హోదా తిరిగి వస్తుందా అని చాలామంది అడుగుతారు. 2015లో సుప్రీంకోర్టు మూడు షరతులు చెప్పింది: ఆ కులానికి చెందినవాళ్ళమన్న ఆధారం, నిజంగానే మళ్ళీ మారినట్టు రుజువు, ఆ కులంవాళ్ళు తమలో కలుపుకోవడం. నోటి మాటతో అయ్యేది కాదు.

చూసేవాళ్ళలో ఇలాంటి కుటుంబాల పిల్లలు ఉంటే నేను చెప్పేది ఒకటే. కౌన్సెలింగ్ రోజున, ఉద్యోగం వెరిఫికేషన్ రోజున కంగారుపడటం కంటే, మీ కాగితంలో ఏముందో, చర్చి రికార్డులో ఏముందో ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. అవసరమైతే వకీలును అడగండి, యూట్యూబ్ వీడియో చూసి నిర్ణయం తీసుకోవద్దు, ఈ వీడియోతో సహా.

నాకు అర్థమైంది ఇదీ. 25వ అధికరణం నచ్చిన మతాన్ని అవలంబించే హక్కు ఇస్తుంది. కానీ మన పాలెంలో ఆ హక్కుకు ధర ఉంది, ఆ ధర దాచిపెట్టినవాడి కంటే బహిరంగంగా చెప్పినవాడికే ఎక్కువ పడుతుంది. నిజం చెప్పినవాడికి ఖర్చు, మౌనంగా ఉన్నవాడికి లాభం వచ్చేటట్టు ఒక రూల్ ఉంటే, దాన్ని ఏ మతంవాడైనా ఒకసారి ఆగి ఆలోచించాలి. తీసేయాలా ఉంచాలా అన్నది తర్వాతి మాట. ముందు అది మనుషుల్ని ఎలా బతకమంటోందో చూడాలి.

చివరిగా అయ్యగారిని అడిగాను, ఇన్ని చిక్కులుంటే ఆ బాప్తిస్మం రిజిస్టర్ రాయడం మానేయొచ్చు కదా అని. ఆయన వెంటనే, "మా తాత పేరు ఏ సర్కారు కాగితంలోనూ సరిగ్గా లేదు నాయనా, పొలం లేదు, బడికి పోలేదు. ఆయన పూర్తి పేరు, నాయన పేరు, తేదీతో సహా రాసి ఉండేది చర్చి పుస్తకంలో ఒక్క చోటే. దాన్ని ఎట్ల ఆపేది?" అన్నారు.

దీని మీద మీ ఇంట్లో ఏమనుకుంటారో రాయండి, తిట్టుకోకుండా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో క్రైస్తవ, హిందూ వివాహ చట్టాల్లో పెళ్ళి రిజిస్ట్రేషన్ ఎలా చేయించుకోవాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం. ఉంటానండి.